పాళయం, విడిది, టెంట్ సిటీ

తెలుగు అక్షరాలు రాని పిల్లలకు పెద్దవాళ్లు ఎప్పటిలాగే చదివి వినిపించండి. ఇది కొంచెం పొడుగు.

డిసెంబరు సెలవులకు సముద్రపు ఒడ్డున లగ్జరీ టెంట్లలో రెండు రాత్రులు గడిపి రావాలని మన సంఘం కుర్రవాళ్లు అనుకుంటున్నారు. ఎక్కువగా వినిపిస్తున్న పేరు కోణార్క్. ఎవరెవరు వెళ్లాలి, ఎంత అవుతుంది అన్నవి వాళ్లే చూసుకుంటారు. ఆ మాటలు వింటున్నప్పుడు మాకు వేరే సంగతి తట్టింది. గుడారం మనకు కొత్త వస్తువు కాదు. మన ఊరి పేరులోనే అది ఉంది.

పాళయం అంటే దండు విడిసిన చోటు. తమిళంలో పాళయం, నెల్లూరు వైపు పాళెం, ఇంకా పైకి పోతే పాలెం. రాజపాళయం అంటే రాజుల విడిది. మనవాళ్లు తెలుగు నేల నుంచి ఎప్పుడు, ఏ దారిన వచ్చారన్న దానిపై ఇంటికో కథ ఉంది. విజయనగర ప్రభువుల దండుతో అని కొందరు, మదురై నాయకుల కాలంలో అని కొందరు చెబుతారు. ఆ తగువు ఇక్కడ తీర్చబోం. ఏ కథ తీసుకున్నా మొదట దిగినవాళ్లు ఇల్లు కట్టుకుని దిగలేదు. గుంజలు పాతి, గుడ్డ కప్పి దిగారు. సింగరాజకోట, చక్రరాజకోట అని మన వీధులకు కోటల పేర్లు తరువాత వచ్చాయి. ముందు పాళయం, ఆ తరువాతే కోట.

తెలుగు తీరం పొడుగునా ఈ మాట మిగిలి ఉంది. పశ్చిమ గోదావరిలో పేరుపాలెం, కింద తూపిలిపాళెం, ఇప్పుడు రెండూ జనం సరదాకు పోయే బీచ్‌లు. దండు అర్థం పోయి చిన్న ఊరు అన్న అర్థం నిలిచింది. వచ్చినవాళ్లు వెళ్లిపోకుండా ఉండిపోతే విడిది ఊరవుతుంది. ఆ విడిది అన్న మాట చూడండి. మన పెళ్లిళ్లలో మగపెళ్లివారికి ఇచ్చే విడిదిల్లు, దండు విడియడం, రెండూ ఒక్క ధాతువే. తమిళంలో కూడారం, మనకు గుడారం. ఉర్దూ నుంచి డేరా, కనాతు, మకాం వచ్చాయి. ఇంగ్లీషు క్యాంపు అన్నిటికంటే చివర వచ్చి అందరి నోళ్లలో కూర్చుంది. ఒక వస్తువుకు ఇన్ని పేర్లు ఊరికే రావు. ఒక్కో పేరు వెనుక ఒక్కో ప్రభుత్వం ఉంది.

మొదట విజయనగరం. 1520లో రాయచూరు మీదికి వెళ్లిన కృష్ణదేవరాయల శిబిరం ఎలా ఉండేదో పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసి పెట్టాడు. రాజుగారి డేరా చుట్టూ ముళ్లకంచె, లోపలికి ఒక్కటే దారి, ఆ దారిలో కాపలా. బయట ఒక్కో దళానికి ఒక్కో వీధి, వీధి వీధికి బజారు. పప్పూ ఉప్పూ సరే, నగలూ రత్నాలూ కూడా అక్కడ దొరికేవట. ఊరు ఊరంతా నడిచిపోతున్నట్టు ఉండేదన్నమాట. మనం ఇవాళ లగ్జరీ టెంట్ అంటున్నామే, దాని అసలు తాత ఈ రాజశిబిరమే. గుడ్డ గోడల మధ్య కూర్చుని ఇంట్లో ఉన్నంత సుఖం కావాలనుకోవడం రాజులకే సాధ్యమైన కోరిక.

అంతకు కొన్నేళ్ల ముందు ఇదే రాయలు కళింగ దండయాత్రలో తీరం వెంబడి పైకి వెళ్లాడు. కొండవీడు 1515లో ఆయన చేతికి వచ్చింది. సింహాచలంలో ఆయన శాసనాలున్నాయి. పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఆ దారిలో విజయవాడలో కొన్నాళ్లు విడిసి, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం వెళ్లి ఆంధ్రవిష్ణువును సేవించి ఏకాదశి ఉపవాసం ఉన్నాడని, ఆ రాత్రి స్వామి కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. జిల్లా కేంద్రమైన శ్రీకాకుళం వేరు, ఇది కృష్ణా జిల్లాలోని ఊరు. దండు మీద ఉన్న రాజుకు వచ్చిన ఆ కలలోంచి పుట్టిన కథ ఎక్కడిది? మన పక్క ఊరు శ్రీవిల్లిపుత్తూరుది. గోదాదేవిది. బస్సెక్కితే అరగంట దూరంలో ఉన్న ఊరి కథ, వందల మైళ్ల అవతల కృష్ణా తీరంలో విడిసిన రాజు నోట తెలుగు కావ్యమైంది. దాన్ని తిరిగి తమిళంలోకి తెచ్చి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి పొందినది మన ఊరి ము.కు. జగన్నాథరాజా గారు. పుస్తకం వెళ్లి వచ్చిన దారీ మనవాళ్ల వలస దారీ ఒకటేనేమో అనిపిస్తుంది.

ఆ శ్రీకాకుళానికి మచిలీపట్నం పెద్ద దూరం కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రేవు నుంచి కలంకారీ గుడ్డ ఇరాన్‌కు, యూరప్‌కు ఓడల్లో పోయేది. అందులో చీరలూ దుప్పట్లూ మాత్రమే కాదు, దర్బారుల్లో కట్టే తెరలు, పందిరి గుడ్డలు, డేరాల లోపలి వైపు వేలాడే కనాతులు కూడా ఉండేవి. బయట వైపు ముతక గుడ్డ, లోపల వైపు పూలతీగల అద్దకం. వాన బయటి గుడ్డకు, వైభవం లోపలి గుడ్డకు. ఆ గుడ్డ వేసి, ఉడకబెట్టి, ఏటి నీళ్లలో జాడించి, ఆరబెట్టినవాళ్లు తీరంలోని తెలుగువాళ్లే. వాళ్లు ఆ డేరాల్లో పడుకుని ఉండరని వేరే చెప్పక్కరలేదు.

గుడారం యుద్ధం వదిలి సరదాలోకి ఎప్పుడు వచ్చింది? ఒక్క తేదీ చెప్పమంటే మేము 1799 మే 4 అంటాం. ఆ రోజు శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాను చనిపోయాడు. ఆయన డేరాల్లో ఒకటి, తెల్లటి నూలు గుడ్డ మీద పూలకుండీల అద్దకం ఉన్నది, అప్పటి మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ కుటుంబానికి చేరింది. ఇప్పటికీ వేల్స్‌లోని పోవిస్ కోటలో ఉంది. ఆ కుటుంబం దాన్ని తోట విందులకు వేసుకునేది. ఓడిపోయిన రాజు దండు గుడారం కింద గెలిచినవాళ్లు టీ తాగారు. అదే సంవత్సరం అక్టోబరు 16న మన దక్షిణాన కయత్తారులో కట్టబొమ్మన్‌ను ఉరితీశారు. ఆయన కూడా తెలుగు మూలాల పాళయగాడే. పాళయాలు పోయాయి, జమీన్లు వచ్చాయి. పేరులో మాత్రం పాళయం మిగిలింది.

తరువాత కలెక్టర్ల కాలం. జమాబందీకి బయలుదేరిన దొరగారి సామాను ఎడ్లబండ్ల మీద ముందు పోయేది. ఒక జత డేరాలు ఈ ఊళ్లో ఉంటే, రెండో జత వచ్చే ఊళ్లో సిద్ధం. మొఘలు పాదుషాల పద్ధతే ఇది. ఉత్తరాల పైన ఊరి పేరుకు ముందు క్యాంపు అని రాసేవారు. ఆ అలవాటు పోలేదు. ముఖ్యమంత్రి సొంత ఇంట్లో ఉన్నా అది క్యాంపు కార్యాలయమే! దొరగారి క్యాంపుకు పాలు, కోళ్లు, కట్టెలు, గడ్డి, మోయడానికి మనుషులు ఊరివాళ్లు సమకూర్చాలి. డబ్బు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే వెట్టి. మన్యంలో నర్సీపట్నం నుంచి పైకి వేసిన రోడ్డు పని దగ్గర డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి, 1922లో అల్లూరి సీతారామరాజు గారి పోరాటానికి దారి తీసిన కారణాల్లో ఒకటి. ఆ దారిలోని లంబసింగిలో ఇప్పుడు చలికీ మంచుకూ మురిసిపోతూ కుర్రవాళ్లు టెంట్లు వేస్తున్నారు. వేయనివ్వండి, తప్పు లేదు. ఆ రోడ్డు ఎవరు వేశారో తెలిసి వేస్తే బాగుంటుంది.

ఇక సముద్రం సంగతి. సముద్రపు ఒడ్డుకు సుఖం కోసం పోవడం మన పద్ధతి కాదు. 1750లలో రిచర్డ్ రస్సెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు సముద్రపు నీళ్లను మందుగా రాసిచ్చాక ఆ దేశంలో బ్రైటన్ లాంటి ఊళ్లు లేచాయి. మనకు సముద్రం అంటే పర్వస్నానం. రామేశ్వరం అగ్నితీర్థం, తిరుచెందూరు, ఆడి అమావాస్యకు పెద్దలకు తిలోదకాలు. స్నానం చేసి, తడిబట్టతో గుడికి వెళ్లి, రాత్రికి సత్రంలో చాప పరుచుకోవడం. సత్రానికి అద్దె లేదు, ఉంటే నామమాత్రం. పుణ్యం కోసం ఎవరో కట్టించి పెట్టారు. ఒడ్డున రాత్రి గడపడం దాతది, డబ్బున్నవాడిది కాదు.

తూర్పు తీరంలో సముద్రపు గాలిని అమ్మకానికి పెట్టిన తొలి చోట్లలో గోపాల్‌పూర్ ఒకటి. 1914లో ఒక ఇటాలియన్ అక్కడ పామ్ బీచ్ హోటల్ తెరిచాడు, తరువాత అది ఒబెరాయ్‌ల చేతికి వచ్చింది. బరంపురం పక్కనే కాబట్టి ఆ ఊళ్లో తెలుగు మనకు ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ అదే గోపాల్‌పూర్ రేవు నుంచి, కళింగపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి తెలుగు కూలీలు రంగూన్ ఓడలెక్కి రైసు మిల్లులకూ రేవు పనులకూ పోయేవారు. ఒకే ఇసుక మీద ఒకరు గాలి కోసం దిగారు, ఇంకొకరు కూడు కోసం ఎక్కారు.

దీన్ని ఇంకా దగ్గరగా చూడాలంటే మనకు ఒరిస్సా దాకా పోనక్కరలేదు. మన రైలు దారే చాలు. విరుదునగర్‌లో మారి, మానామదురై మీదుగా రామేశ్వరం వెళ్లేటప్పుడు ఉచ్చిపుళి దాటాక ఒక స్టేషన్ వస్తుంది. పేరు మండపం క్యాంప్. రామేశ్వరం వెళ్లిన ప్రతివాళ్లూ ఆ బోర్డు చూసే ఉంటారు. అది ఏం క్యాంపు అని ఎంతమంది అడిగారు?

సింహళానికి, అంటే ఇప్పటి శ్రీలంకకు, తేయాకు తోటల పనికి పోయే కూలీలను ఆపి ఉంచిన క్యాంపు అది. 1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన తెరిచారు. మద్రాసు నుంచి రైలు, ధనుష్కోటి నుంచి స్టీమరు, అవతల తలైమన్నారు నుంచి మళ్లీ రైలు. కలరా, ప్లేగు తోటల్లోకి పోకుండా కూలీలను ఓడ ఎక్కించే ముందు కొన్ని రోజులు మండపంలో నిలబెట్టి, బట్టలు ఉడకబెట్టి, సూదులు పొడిచి, ఒళ్లు చూసి, పేరు రాసుకుని పంపేవారు. రెండు వైపులా సముద్రం ఉన్న సన్నటి నేల, తాటిచెట్లు, తెల్లటి ఇసుక, రోజంతా గాలి. ఇవాళ ఎవరైనా టెంట్ సిటీకి చోటు వెతికితే అంతకంటే అందమైనది దొరకదు. అందులో ఉన్నవాళ్లకు ఆ అందం కనబడేంత తీరిక ఉండి ఉండదు.

వెళ్లినవాళ్ల మనవలు మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చారు. 1964 అక్టోబరు 30న శాస్త్రి గారూ సిరిమావో గారూ చేసుకున్న ఒప్పందం ప్రకారం తోటల్లోని 5,25,000 మందిని భారతదేశం తీసుకోవాలి, 3,00,000 మందికి సింహళం పౌరసత్వం ఇవ్వాలి. ఇంకో 1,50,000 మంది సంగతి తరువాత చూద్దామని వదిలేశారు. మనుషుల్ని పంచుకోవడం ధాన్యం కొలిచినట్టు జరిగింది. ఒప్పందం అయి రెండు నెలలు నిండకముందే, డిసెంబరు 22 రాత్రి తుఫాను వచ్చి ధనుష్కోటిని ముంచింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు మనుషులతో సహా కొట్టుకుపోయింది. ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తరువాత స్టీమరు రామేశ్వరం నుంచి నడిచింది, తోటల జనం అక్కడ దిగి మండపం క్యాంపుకు చేరారు. అక్కడి నుంచి ఒక్కో కుటుంబాన్ని ఒక్కో జిల్లాకు పంపారు.

1983 తరువాత అదే క్యాంపుకు యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఈళం తమిళులు వచ్చారు. 1990లో మళ్లీ వచ్చారు. 2022లో లంకలో బియ్యానికీ పెట్రోలుకూ కరువొచ్చినప్పుడు పడవల్లో వచ్చినవాళ్లనూ అక్కడే ఉంచారు. అలాంటి క్యాంపులు తమిళనాడు నిండా ఉన్నాయి, మన విరుదునగర్ జిల్లాలోనూ ఉన్నాయి. 2021లో ముఖ్యమంత్రి స్టాలిన్ శరణార్థి శిబిరం అన్న మాట వద్దని, పునరావాస శిబిరం అనమని చెప్పారు. పేరు మారడం మంచిదే. కానీ తాత్కాలికం అని వేసిన క్యాంపులో పుట్టి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కన్నవాళ్లు ఉన్నారు. నలభై ఏళ్లు. మన పూర్వులు విడిసిన పాళయం ఊరు కావడానికి అంతకంటే తక్కువ కాలమే పట్టి ఉంటుంది. వాళ్ల పాళయం మాత్రం ఊరు కాలేదు. మనకు నేల దొరికింది, వాళ్లకు దొరకలేదు. అంతే తేడా.

ఇప్పుడు 2004 డిసెంబరు 26కు వద్దాం. సునామీ నాగపట్టినం నుంచి కన్యాకుమారి దాకా తీరాన్ని ఎలా తుడిచిందో మనకు తెలుసు. ఇళ్లు పోయిన జాలరులకు తారు అట్టల షెడ్లు వేశారు. వేసవిలో అవి ఎలా కాగేవో లోపల ఉన్నవాళ్లను అడగాలి. 2005 మార్చి 30న తమిళనాడు ప్రభుత్వం 172 నంబరు జీవో ఇచ్చింది. అలలు వచ్చే గీత నుంచి 200 మీటర్ల లోపల ఇల్లు ఉన్నవాళ్లు లోపలికి జరిగితే కొత్త ఇల్లు ఉచితం. జరగనంటే మానండి, మీ ఇల్లు మీ ఖర్చుతో బాగు చేసుకోండి, ప్రభుత్వ సాయం రాదు. పైకి చూస్తే న్యాయంగానే ఉంది, ప్రాణాలు ముఖ్యం కదా. కానీ పడవా వలా ఒడ్డున పెట్టి, మనిషి అర మైలు లోపల పడుకుంటే, రాత్రి గాలి మారినప్పుడు సముద్రాన్ని ఎవరు చూస్తారు? చేప దిగిందని ఎవరు చెబుతారు? జాలరికి ఒడ్డు పెరడు లాంటిది. మన పొలాన్ని ఊరి నుంచి పది మైళ్లకు జరిపితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ 200 మీటర్ల గీతను గుర్తు పెట్టుకోండి. లగ్జరీ టెంట్ కథ అక్కడే ఉంది.

1991లో కేంద్రం తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ తెచ్చింది. పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు వద్దన్నారు. 2011లో దాన్ని తిరగరాశారు, 2019లో ఇంకోసారి. 2019 దానిలో జనసాంద్రత ఎక్కువ ఉన్న పల్లె తీరాలకు, అంటే 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి పైగా ఉన్న చోట్ల, ఆ 200 మీటర్లను 50కి తగ్గించారు. దాంతోపాటు బీచ్‌ల మీద పర్యాటకులకు తాత్కాలిక వసతులు ఉండవచ్చన్నారు. పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, నడక దారులు, ఇలాంటివి. పోటు గీతకు కనీసం 10 మీటర్లు వదలాలి. హోటలు కట్టలేని ఇసుక మీద ఏదో ఒకటి నిలబెట్టాలంటే అది విప్పి తీసేయగలిగేదై ఉండాలి. గుడారం మళ్లీ గౌరవం పొందడానికి రాజుల మీద మోజు కొంతే కారణం. మిగతా సగం కారణం చట్టంలోని తాత్కాలికం అన్న ఒక్క మాట.

ఇంగ్లీషులో దీనికి గ్లాంపింగ్ అని పేరు పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ మాటను 2016లో చేర్చుకుంది. మన దేశంలో దారి చూపింది గుజరాత్, కచ్ఛ్ ఉప్పు ఎడారిలో రణ్ ఉత్సవ్ టెంట్ సిటీతో. దాన్ని సముద్రం ఒడ్డుకు తెచ్చినవాళ్లలో ఒరిస్సా ముందు వరసలో ఉంది. 2019 డిసెంబరులో పూరీ, కోణార్క్ మధ్య మెరైన్ డ్రైవ్‌లో రామచండీ బీచ్ దగ్గర ఎకో రిట్రీట్ పేరుతో మొదలుపెట్టారు. తరువాతి సంవత్సరాల్లో గంజాం జిల్లా సోనపూర్ బీచ్‌కు కూడా తెచ్చారు. అది ఇచ్ఛాపురం దాటితే వచ్చేస్తుంది, అంటే తెలుగు గడప పక్కనే. ఆంధ్రలో కూడా కొత్త పర్యాటక విధానం వచ్చాక టెంట్ల మాట బాగా వినిపిస్తోంది.

ఒరిస్సా మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేం. మన పి.ఎస్. కుమారస్వామి రాజా గారు 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రి, ఆ తరువాత 1954 నుంచి 1956 దాకా ఒరిస్సా గవర్నరు. పూరీ సముద్రపు ఒడ్డున రాజ్‌భవన్ ఉన్న రాష్ట్రం అది. ఆయన మన ఊళ్లోని సొంత ఇంటిని గాంధీ కళామండ్రానికి ఇచ్చేశారు. ఇప్పటికీ మనం సభలు పెట్టుకునేది అక్కడే.

ఈ టెంట్లు చూడనివాళ్లకు ఎలా ఉంటాయో చెబుతాం. ఇనుప చట్రం, కింద చెక్క వేదిక, పైన నీరు దిగని కాన్వాసు, లోపల మరో పొర గుడ్డ. అవే పాత కనాతులు, మిషను అద్దకంతో. మంచం, ఏసీ, వేడినీళ్లు, లోపలే బాత్‌రూము, ముందు చిన్న వరండా. డిసెంబరులో వేసి, చలి తగ్గి ఎండ ముదరకముందే విప్పేస్తారు. మెచ్చుకోవలసింది మెచ్చుకుందాం. ఇసుకలో కాంక్రీటు పోయడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. పడవ నడిపేవాళ్లకు, వంటవాళ్లకు, ఆ ప్రాంతపు నేతవాళ్లకు మూడు నెలలు పని దొరుకుతుంది.

చిక్కు ఎక్కడంటే, గుడ్డ తాత్కాలికమే కానీ వాడకం తాత్కాలికం కాదు. ఒడ్డున ఇసుక కింద వాన నీరు పలచటి పొరగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. జాలరి ఊళ్లలో ఇసుకలో గుంట తవ్వి చెంబుతో ముంచుకునేది ఆ నీళ్లే. ప్రతి టెంటుకూ షవరు పెట్టి మోటారుతో తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది, టెంట్లు తీసేశాక కూడా ఆ ఉప్పు వెంటనే పోదు. మరుగు నీళ్లు ఎక్కడికి పోతున్నాయన్నది ఇంకో ప్రశ్న. తాబేళ్లది మరో సంగతి. ఆలివ్ రిడ్లీలు మన తూర్పు తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది సరిగ్గా చలికాలంలోనే. గంజాంలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర అవి వేలకు వేలుగా ఇసుక ఎక్కుతాయి. పిల్లలు గుడ్డు పగిలి బయటికి రాగానే వెలుతురున్న వైపు పాకుతాయి. ఎన్ని లక్షల ఏళ్లుగానో ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశం. ఒడ్డున దీపాల తోరణాలు కడితే అవి భూమి వైపు పాకి కాకులకూ కుక్కలకూ దక్కుతాయి. టెంట్ల సీజనూ తాబేళ్ల సీజనూ ఒకటే కావడం ఎవరి తప్పూ కాదు, దీపాలు ఆర్పకపోవడం మాత్రం మనుషుల తప్పు.

ఇంకా పెద్ద చిక్కు ఆ గీతది. తరతరాలుగా ఉన్న పాకను 200 మీటర్ల అవతలికి జరగమన్న చోటే, ఒక్క రాత్రికి వేలు పోసే అతిథికి 10 మీటర్ల దూరం చాలు. రెండూ పేరుకు తాత్కాలికమే. ఒకదానికి ఆ పేరు ముప్పు, ఇంకొకదానికి ఆ పేరే లైసెన్సు. 2019 నోటిఫికేషన్‌లోనే మరో చిన్న తలుపు ఉంది. జాలరులు తమ ఇళ్లలోనే అతిథులకు చోటిచ్చి హోం స్టే నడుపుకోవచ్చని అందులో ఉంది. దాని మీద ప్రకటనలు పెద్దగా కనబడవు. గుడారం వేసేవాళ్లు కంపెనీలు, ఇల్లున్నవాడు ఒంటరి, బహుశా అందుకే.

కుర్రవాళ్లకు మాత్రం రెండు పనులు అప్పగిస్తున్నాం. బుక్ చేసే ముందు ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి. నీళ్లు ఎక్కడివి, మురికి ఎక్కడికి పోతుంది, రాత్రి ఎన్నింటికి దీపాలు ఆర్పుతారు. జవాబు చెప్పలేనివాళ్లకు డబ్బు కట్టకండి. రెండోది, వెళ్లిన ఊళ్లో ఒక పూట భోజనం టెంట్ల బయట, జాలరుల ఇంట్లో డబ్బిచ్చి తినండి. ఆ చేపల పులుసు ఏ బఫేలోనూ దొరకదని మా పందెం. మాంసాహారం తిననివాళ్లు పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోండి, వాళ్లలో చాలామందికి తెలుగు వస్తుంది.

పెద్దలకు ఒక విన్నపం. 1964 తుఫానుకు ముందు ధనుష్కోటి చూసినవాళ్లు మన వీధుల్లో ఇంకా కొందరున్నారు. చిన్నప్పుడు నాన్నగారి చెయ్యి పట్టుకుని ఆ ప్లాట్‌ఫారం మీద దిగినవాళ్లు, సేతు స్నానం చేసి ఇసుకలోనే రాత్రి పడుకున్నవాళ్లు. ఎక్కడ బస చేశారు, ఏం తిన్నారు, మండపంలో రైలు ఆగినప్పుడు కిటికీలోంచి ఏం కనబడింది, గుర్తున్నంత చెప్పండి. తెలుగులో రాయలేకపోతే తమిళంలో రాయండి, అదీ కాకపోతే మనవడి ఫోనులో మాట్లాడి పంపండి. వచ్చే పోస్టు వాటితోనే వేస్తాం.